మోటుపల్లి శాసనం నుంచి హోంపేజీ వరకు

పరిచయం

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో, సముద్రానికి దగ్గరగా మోటుపల్లి అనే ఊరుంది. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో ఒక రాతి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో వేయించిన శాసనం ఉంది. చరిత్ర విద్యార్థులు దాన్ని అభయశాసనం అనే పేరుతో ఎరుగుదురు. వ్యాపార సంస్థల వెబ్‌సైట్లకు హోంపేజీ ఎలా ఉండాలి అనే ప్రశ్నను పరిశీలించే ఈ పాఠాన్ని నేను ఆ స్తంభం దగ్గర మొదలుపెడుతున్నాను.

కంప్యూటరుకు సంబంధించిన పాఠంలో రాతిశాసనం ఎందుకని మీరు అడగవచ్చు. దూరం నుంచి వచ్చిన మనిషి, మనమెవరో తెలియని మనిషి మన గుమ్మంలో నిలబడినప్పుడు అతనికి మొదట ఏం చెప్పాలి అనే సమస్య వెబ్‌తో పుట్టింది కాదు. మన తీరంలో ఆ సమస్యకు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే హోంపేజీలో ఏది ముఖ్యమో, ఏది హంగో విడదీసి చూడటం సులువవుతుంది. అది తెలియక డబ్బు పోగొట్టుకున్న చిన్న వ్యాపారులను నేను చూశాను. మీలో కొందరు ఇప్పటికే కొట్టు నడుపుతూ ఉండవచ్చు, ఇంకొందరు రేపు నడపవచ్చు. అందుకే ఈ విషయాన్ని కాస్త విస్తరించి రాస్తున్నాను.

ముందుగా ఒక మాటకు అర్థం చెప్పుకుందాం. ఒక వెబ్‌సైటు చిరునామాను ఫోనులోనో కంప్యూటరులోనో కొట్టినప్పుడు మొదట తెరుచుకునే పేజీని హోంపేజీ అంటారు. తెలుగులో ముఖపుట అని కూడా వాడుతున్నారు. మిగతా పేజీలకు దారి అక్కడి నుంచే. వ్యాపారం విషయంలో అది గుమ్మం, బోర్డు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని, ఈ మూడూ కలిసిన చోటు.

రేవులో నిలబెట్టిన మాట

మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో పేర్కొన్న ముత్ఫిలి ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. దూరదేశాల ఓడలు వచ్చే ఆ రేవులో గణపతిదేవుడు ఏం ప్రకటించాడో చూడండి. అంతకుముందు రాజులు, తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వంటి సరుకంతా బలవంతంగా లాక్కునేవారు.  గణపతిదేవుడు ఆ అలవాటును మానుకుంటున్నానని రాయించాడు. ప్రాణం కంటే ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించి వచ్చేవారి దగ్గర నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని, మిగిలినదంతా వారిదేనని అభయమిచ్చాడు. శాసనం ఆ సుంకాన్ని క్లృప్తశుల్కం అంటుంది. ముందే కట్టడి చేసిన రుసుము అని దాని అర్థం. ఈ పదాన్ని గుర్తుపెట్టుకోండి, పాఠం చివరి భాగంలో దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆ తరువాత ధరల పట్టిక ఉంటుంది. ఎగుమతులైనా దిగుమతులైనా ముప్పైకి ఒకటి వంతు సుంకం. గంధపు చెక్క, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు, ఇలా సరుకు వారీగా ఎంతెంత కట్టాలో రాతి మీద చెక్కించారు. చదవలేని వర్తకుడు చదివేవాడి చేత చదివించుకునేవాడు. రేవులో కూర్చున్న సుంకరి నోటికొచ్చిన లెక్క చెబితే స్తంభాన్ని చూపించి వాదించడానికి అతనికి ఒక ఆధారం దొరికింది.

ఇప్పుడు ఈ శాసనాన్ని వ్యాపారి కళ్లతో చూడండి. చెప్పినవాడెవరో అందులో ఉంది. వచ్చేవాడి భయమేమిటో పట్టుకుని దానికి నేరుగా జవాబు చెప్పింది. ఎంత ఖర్చవుతుందో అంకెల్లో చెప్పింది. నిలబెట్టిన చోటు కూడా సరైనదే: ఓరుగల్లు కోటలో నిలబెట్టి ఉంటే ఓడ దిగినవాడికి అది కనపడేదే కాదు. మంచి హోంపేజీ లక్షణాలు చెప్పమని నన్ను ఎవరైనా అడిగితే ఇంతకు మించి పెద్దగా చేర్చేదేమీ ఉండదు.

అయితే శాసనంలో ఒక లోపం కూడా ఉంది. అభయం మొదటి పంక్తిలో లేదు. ముందు సంస్కృత శ్లోకాల్లో వంశవర్ణన వస్తుంది. సూర్యవంశం నుంచి మొదలుపెట్టి తాతముత్తాతల మీదుగా గణపతిదేవుడి దాకా వస్తే కానీ వర్తకుడికి కావలసిన ముక్క దొరకదు. నేటి సంస్థల హోంపేజీలు చాలావరకు ఇలాగే ఉంటాయి. వ్యవస్థాపకుల ఫొటో, చైర్మన్ సందేశం, స్థాపించి ఎన్నేళ్లయిందన్న గొప్ప, వీటన్నిటినీ దాటుకుని కిందికి పోతే కానీ ధర కనపడదు. రాజుకు ప్రశస్తి ఒక రాజకీయ అవసరం. నూనె మిల్లుకు ఆ అవసరం ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఇక్కడ మీకొక హెచ్చరిక. పోలిక చెప్పినంత మాత్రాన శాసనమూ హోంపేజీ ఒకటే అయిపోవు. ఓడ దిగిన వర్తకుడు నచ్చకపోతే మరో రేవుకు పోవాలంటే రోజులు పట్టేది. నేటి కొనుగోలుదారు బొటనవేలు ఒక్కసారి కదిలిస్తే వెళ్లిపోతాడు. పైగా శాసనం వేయించినంత మాత్రాన ఆచరణలో అంతా అలాగే నడిచిందని అనుకోకూడదు. 1323లో కాకతీయ రాజ్యం పతనమైంది. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు హామీలిస్తూ మరో శాసనం వేయించవలసి వచ్చింది. రాజ్యం మారితే పాత మాట చెల్లుతుందో లేదో ఎవరికి తెలుసు? నమ్మకాన్ని మళ్లీ ప్రకటించాలి. రెండేళ్ల కిందటి సంక్రాంతి తగ్గింపు ప్రకటన ఇంకా కనపడుతున్న వెబ్‌సైటును చూసినప్పుడు కొనేవాడికి కలిగే అనుమానం అలాంటిదే: అసలు ఈ కొట్టు తెరిచే ఉందా?

మచ్చు గుడ్డ

మోటుపల్లి తరువాత ఇదే తీరంలో ప్రసిద్ధికెక్కిన రేవు, రేపల్లె వైపున్న నిజాంపట్నం. ఐరోపావారి రికార్డుల్లో దీని పేరు పెటపోలి. 1606లో డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు ఇక్కడికి వచ్చారు. కంపెనీవారు తూర్పు తీరంలో అడుగుపెట్టిన తొలి చోట్లలో ఇది ఒకటి. వారు వచ్చింది ముఖ్యంగా బట్ట కోసం. ఈ ప్రాంతంలో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు రంగుకు మంచి పేరుండేది.

వేల మైళ్ల అవతల కూర్చున్న కొనుగోలుదారుకు బట్టను ఎలా చూపించాలి? అప్పటి పద్ధతి మచ్చు. ధాన్యం బస్తాలోంచి గుప్పెడు తీసి చూపినట్టే, ఒక ముక్క గుడ్డను నమూనాగా పంపేవారు. కంపెనీ కాగితాల్లో దాన్ని మస్టర్ అన్నారు. పొడవు, వెడల్పు, నేత, రంగు, అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. తరువాత నేసిన సరుకును గిడ్డంగిలో ఆ మచ్చు పక్కన పెట్టి పోల్చేవారు. తేడా వస్తే ధర తగ్గించేవారు, లేదా తిప్పి కొట్టేవారు. ఆ నష్టం పడేది నేతగాడి నెత్తిన.

హోంపేజీ మీద పెట్టే ఫొటో ఈ మచ్చుకు వారసురాలు. దాని బాధ్యతా అదే. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో మెరూన్ చీర ఎర్రగా కనపడుతుంది. కొన్నవారు పెట్టె విప్పి చూసి, మేం అడిగిన రంగు ఇది కాదంటూ వెనక్కి పంపుతారు. రాను పోను ఖర్చు మళ్లీ నేతగాడి నెత్తినే. పదిహేడో శతాబ్దంలో గిడ్డంగిలో జరిగిన తగువే ఇప్పుడు కొరియర్ ఆఫీసులో జరుగుతోంది. పగటి వెలుతురులో, నీడన, ఏ మెరుగులూ దిద్దకుండా తీసిన ఫొటో ఆ తగువును చాలావరకు తప్పిస్తుంది. అంగడి బొమ్మల సైట్లలో దొరికే అందమైన మోడల్ ఫొటో కొని పెట్టేవారున్నారు. అది మచ్చు కాదు, వేరేవారి సరుకు.

బోర్డులు, లేబుళ్లు, పత్రికలు

రైలు వచ్చాక అపరిచితుల సంఖ్య పెరిగింది. మద్రాసు - కలకత్తా ప్రధాన మార్గం మీద తెనాలి, బాపట్ల స్టేషన్లయ్యాయి. 1916లో రైలు రేపల్లె దాకా వెళ్లింది. 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్ట నీళ్లతో డెల్టాలో పండిన ధాన్యం ఈ ఊళ్ల గుండా కదిలింది. ఊరి కోమటి కొట్టుకు బోర్డు అక్కర్లేదు, అందరికీ ఆయన తెలుసు. స్టేషన్ దిగి బజారుకు నడిచొచ్చే పొరుగూరి మనిషికి మాత్రం ఏ కొట్టులో ఏం దొరుకుతుందో బయటి నుంచే తెలియాలి. రంగుల బోర్డుల కాలం అలా మొదలైంది. బోర్డులు రాసే ఆర్టిస్టులకు ఒక లెక్క ఉండేది: రోడ్డుకు అవతలి వైపు నుంచి, సైకిలు మీద పోతున్నవాడు చదవగలగాలి. అందుకే సరుకు పేరు పెద్దది, యజమాని పేరు చిన్నది, ప్రొప్రైటర్ అన్న మాట ఇంకా చిన్నది. వెబ్‌సైట్లు చేసేవారు ఇప్పుడు పెద్ద పెద్ద మాటల్లో చెప్పే దృశ్యక్రమం ఇదే.

చదువు రానివారికి బొమ్మ. మాంచెస్టరు మిల్లుల నుంచి మన దేశానికి వచ్చిన తానుల మీద దేవతల బొమ్మల లేబుళ్లు అంటించేవారు. కొనేవాడు మిల్లు పేరు చదవలేకపోయినా బొమ్మను బట్టి పోయినసారి కొన్న రకాన్నే అడిగి తీసుకునేవాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం కూడా ఇలాగే పసుపు రంగుతో గుర్తుండిపోయింది. ఆయన సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టి దాన్ని జనానికి అలవాటు చేశారన్నది ప్రసిద్ధమైన విషయం. తరువాత 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపినదీ ఆయనే. సరుకునూ పత్రికనూ రెండింటినీ ఎరిగిన మనిషి. వాడి చూడకుండా కొనమనడం కంటే కాస్త వాడనిచ్చి తరువాత అమ్మడం మేలని ఆయన పంపకాలు చూపించాయి.

పత్రికల మొదటి పేజీ గురించి ఒక ముక్క చెప్పాలి. ఇప్పటి పాఠకులకు ఆశ్చర్యం కలిగించవచ్చు కానీ, ది హిందూ పత్రిక 1958 జనవరి దాకా మొదటి పేజీ నిండా ప్రకటనలే వేసేది, వార్తలు లోపలి పేజీల్లో ఉండేవి. లండన్ టైమ్స్ 1966లో కానీ ఆ పద్ధతి మార్చలేదు. మొదటి పేజీ ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఆ పత్రికలు చాలాకాలం ప్రకటనదారు కోసం అని జవాబిచ్చి, చివరికి పాఠకుడి కోసం అని మార్చుకున్నాయి. వెబ్‌సైట్లు కూడా ఇదే మలుపు తిరిగాయి, అది కూడా ఆలస్యంగా.

వెబ్ వచ్చిన తరువాత

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించిన తొలి వెబ్‌సైటు 1991లో బయటి ప్రపంచానికి అందింది. అది నల్లటి అక్షరాలు, లింకులు తప్ప మరేమీ లేని పేజీ. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. టెలిఫోను తీగ మీద వచ్చే ఆ ఇంటర్నెట్‌లో ఒక బొమ్మ తెరుచుకోవాలంటే చాలాసేపు ఎదురుచూడాలి.

తరువాతి పదేళ్లలో మన ప్రాంతపు వ్యాపారులు కొందరు వెబ్‌సైట్లు చేయించుకున్నారు. అవి ఎలా ఉండేవో నాకు బాగా గుర్తు. తెరవగానే గుడి గంటలు మోగేవి. సంస్థ పేరు గిరగిరా తిరిగేది. స్వాగతం పలికే ఇంగ్లీషు వాక్యం కుడి నుంచి ఎడమకు పరుగెత్తేది. ఇన్ని వేలమంది ఇప్పటిదాకా చూశారని కింద ఒక అంకె. ఫోను నంబరు కావాలంటే మరో పేజీ తెరవాలి. యజమాని తన స్నేహితులకు చూపించుకోవడానికి అది బాగుండేది. ఆ తిరిగే బొమ్మలను నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరుకు దాని తయారీ సంస్థ అడోబీ 2020 చివరితో స్వస్తి చెప్పింది. దాని మీదే కట్టిన సైట్లు ఖాళీ తెరలుగా మిగిలాయి. రాయి ఎనిమిది వందల ఏళ్లు నిలిచింది, ఇది పాతికేళ్లు కూడా నిలవలేదు.

భాష మరో చిక్కు. యూనికోడ్ తొలి ప్రమాణంలో 1991లోనే తెలుగుకు చోటు దక్కింది. కానీ మన కంప్యూటర్లలో అది సజావుగా కనపడటానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా తెలుగు సైట్లు ఎవరి ఫాంటు వారు వాడారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వచ్చేవి. విసిగిపోయిన వ్యాపారులు ఇంగ్లీషుకు మళ్లారు, లేదా తెలుగును బొమ్మగా మార్చి అంటించారు. బొమ్మలోని అక్షరాలు సెర్చ్ ఇంజనుకు సరిగా అందవు. చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ అందవు. ఆ చిక్కు ఇప్పుడు తీరిపోయింది, అలవాటు మాత్రం తీరలేదు. కొట్టు బోర్డు మీద తెలుగు ఉండాలని మన రాష్ట్రంలో నిబంధన ఉంది. అదే కొట్టు హోంపేజీలో ఒక్క తెలుగు అక్షరం ఉండదు. ఆ కొట్టులో కొనేవారిలో ఎక్కువమంది తెలుగులో బేరమాడేవారే.

2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనరు, తెర ఎంత ఉంటే పేజీ అంతకు సర్దుకునే పద్ధతిని ప్రతిపాదించాడు. 2015 ఏప్రిల్‌లో గూగుల్, ఫోనులో సరిగా కనపడని పేజీలను ఫోనులో జరిగే వెతుకులాటలో వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. ఈ మూడింటి ఫలితం మీ చేతిలోనే ఉంది. మీ కొనుగోలుదారు చూసేది అరచేతి వెడల్పు తెర. అందులో మొదట కనపడే భాగంలో పట్టేది ఒక పేరు, ఒక వాక్యం, ఒక బొమ్మ, ఒక ధర, ఒక బటన్. అంతకన్నా పెడితే ఏదీ చదవరు.

చట్టం ఏమంటోంది?

మోటుపల్లిలో రాజు ఇష్టపడి ఇచ్చిన మాటను నేడు చట్టం అడిగి ఇప్పిస్తోంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకపు సంస్థ తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటు మీద స్పష్టంగా చూపాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అన్ని ఖర్చులూ కలిపిన మొత్తం ధరను ఒకే అంకెగా, దాని విడి లెక్కతో సహా చెప్పాలి.

2023 నవంబరు 30న కేంద్రం మోసపూరిత డిజైన్లపై మార్గదర్శకాలు తెచ్చింది. వాటిలో 13 రకాలను పేర్కొంది. ఒకటి డ్రిప్ ప్రైసింగ్: మొదట తక్కువ ధర చూపించి, డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి ప్యాకింగ్ అని, సేవా రుసుము అని చుక్కచుక్కగా పెంచడం. మరొకటి, ఇంకా ఒక్కటే మిగిలింది, పది నిమిషాల్లో తగ్గింపు అయిపోతుంది అని లేని తొందర పుట్టించడం. క్లృప్తశుల్కం అనే మాట గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఓడ దిగకముందే సుంకం ఎంతో తెలియడం, డబ్బు కట్టకముందే మొత్తం ఎంతో తెలియడం ఒకే న్యాయం. ఒడ్డుకు చేరినవాడి సరుకు లాక్కోవడం ఎలాంటిదో, కొనడానికి సిద్ధపడ్డవాడి మీద చివరి నిమిషంలో మరో నూట ఇరవై రూపాయలు వేయడం కూడా అలాంటిదే, పరిమాణంలోనే తేడా.

ఒక హోంపేజీ కథ

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. పదవీ విరమణ చేశాక, వేటపాలెం వైపు ఒక చేనేత కుటుంబం తమ చీరలకు సైటు పెట్టుకుంటామంటే, హోంపేజీ మాటలు రాసిపెడతానని నేనే ముందుకు వెళ్లాను. పెటపోలి, చిరివేరు, డచ్చివారు, అన్నీ కలిపి మూడు వందల మాటలు రాశాను. బాగుందనుకున్నాను. నెల గడిచినా ఒక్క ఫోను రాలేదు. ఆ ఇంటి ఇల్లాలు తన ఫోనులో ఆ పేజీ తెరిచి, వేలితో కిందికి జరుపుతూ జరుపుతూ, "చరిత్ర బాగుంది మాస్టారూ, మరి చీర ఎక్కడుందండీ?" అంది. చీర నాలుగు తెరల కింద ఉంది. గణపతిదేవుడి ప్రశస్తిని తప్పుపట్టిన నేను చేసిందీ అదే పని.

తరువాత ఆమె చెప్పినట్టే మార్చాం. ఆమెకు డిజైను తెలియదు కానీ కొనేవాళ్లు ఏమడుగుతారో తెలుసు. ముందు పేరు, దాని కింద మా మగ్గాల మీద నేసిన నూలు చీరలు అన్న ఒక్క వాక్యం. కొంగు, అంచు రెండూ కనపడేలా మడతపెట్టి, పొద్దున పంచలో తీసిన ఒక చీర ఫొటో. ఆ ఫొటో కిందనే పోస్టు ఖర్చుతో కలిపి ధర. తాకితే నేరుగా ఫోను మోగే బటన్. కిందికి జరిపితే నూలు కౌంటు, పొడవు, జాకెట్టు ముక్క ఉందా లేదా, మొదటిసారి ఎలా ఉతకాలి, నచ్చకపోతే ఎన్ని రోజుల్లో తిప్పి పంపాలి, ఖర్చు ఎవరిది. ఆఖరున, చూడదలచినవారు ఇంటికే వచ్చి మగ్గం చూడవచ్చని గుర్తులతో సహా చిరునామా. నేను రాసిన చరిత్ర మా గురించి అనే వేరే పేజీకి వెళ్లింది. అక్కడికి వచ్చి చదివేవారు కూడా ఉన్నారని ఆ తరువాత తెలిసింది.

ఆ కుటుంబానికి అసలు భయం మరమగ్గం చీరలది. చూడటానికి ఒకేలా ఉండి సగం ధరకు దొరికే చీరలను కొందరు చేనేత అని అమ్ముతారు. కొనేవారికి ఫొటోలో తేడా తెలియదు. 2006లో కేంద్రం తెచ్చిన చేనేత ముద్ర ఇందుకోసమే. అలాంటి గుర్తింపు ఉంటే దాన్ని హోంపేజీలో ధర పక్కనే పెట్టాలి. అడుగున వరసగా పేర్చిన బహుమతుల మధ్య పడేస్తే దాన్ని ఎవరూ చూడరు. ఎక్కువ ధర ఎందుకో చెప్పవలసిన చోటు ధర దగ్గరే. మగ్గం మీద నేస్తున్నప్పటి చిన్న వీడియో ఒకటి, తాకితేనే తెరుచుకునేలా పెట్టాం. తనంతట తాను మోగే వీడియో పెట్టొద్దని నేను పట్టుబట్టాను. అందులో నేను పొరపాటు పడలేదనుకుంటున్నాను.

సాంకేతిక విషయాల్లో మూడు నాలుగు చాలు. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలని గూగుల్ కొలమానం. పెద్ద ఫొటోలను కుదించకుండా పెట్టడం వల్లే ఎక్కువ సైట్లు ఈ పరీక్షలో తప్పుతాయి. అక్షరాల రంగుకూ వెనకటి రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణం చెబుతుంది. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు పెళ్లి శుభలేఖలోనే బాగోవు, ఎండలో ఫోను చూసేవారికి అసలు కనపడవు. ప్రతి ఫొటోకూ అదేమిటో చెప్పే చిన్న వివరణ జతచేయాలి. తెలుగు, ఇంగ్లీషు రెండూ కావాలంటే వేర్వేరు పేజీలు పెట్టి పైన మార్చుకునే వీలు ఇవ్వాలి. ఒకే వాక్యంలో రెండూ కలిపితే హైదరాబాదులో ఉన్నవారికీ డాలస్‌లో ఉన్నవారికీ ఇద్దరికీ ఇబ్బందే.

ఇంకో మాట. చీరల పేజీని నకలు తీసి అన్ని వ్యాపారాలకూ అంటించకండి. తెనాలిలో మినపగుళ్ల మిల్లుకు ఫోను చేసే టోకు వ్యాపారికి కావలసింది ఇవాళ్టి తేదీతో బస్తా ధర. సూర్యలంక సముద్రం చూడటానికి వచ్చేవారికి బాపట్ల లాడ్జి చెప్పవలసింది శని, ఆదివారాల అద్దె ఎంత, స్టేషన్ నుంచి ఎలా రావాలి, రాత్రి పన్నెండు గంటల రైలు దిగితే తలుపు తీస్తారా అన్నది. నిజాంపట్నంలో రొయ్యల రైతుకు ఐసు అమ్మేవాడి హోంపేజీ మొత్తం ఒక ఫోను నంబరు, ఒక రేటు, ఇవాళ సరుకు ఉందో లేదో చెప్పే ఒక మాట అయినా సరిపోతుంది. వచ్చేవాడి తొలి భయం ఏమిటి అన్నది వ్యాపారాన్ని బట్టి మారుతుంది. దాన్ని తెలుసుకోవడానికి గల్లాపెట్టె పక్కన ఒక పూట కూర్చుని, వచ్చినవారు అడిగే మొదటి ప్రశ్నను రాసుకోవడం కంటే మంచి మార్గం నాకు తెలియదు.

అభ్యాసం

వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల సంపుటాలున్నాయి. వీలున్నవారు అక్కడికి వెళ్లి, దూరంగా ఉన్నవారు తమకు దగ్గరలోని గ్రంథాలయంలో, 1950కి ముందు వచ్చిన ఏదైనా ఒక వ్యాపార ప్రకటనను ఎంచుకోండి. అందులో అమ్మేవాడి పేరు, సరుకు, ధర, చిరునామా, హామీ ఏ వరసలో ఉన్నాయో రాసుకోండి. తరువాత మీ ఊళ్లో వెబ్‌సైటు ఉన్న ఒక కొట్టు హోంపేజీని ఫోనులో తెరిచి అవే అయిదు విషయాలు వెతకండి. ఒక్కొక్కటి దొరకడానికి ఎన్నిసార్లు తెరను జరపవలసి వచ్చిందో లెక్కపెట్టండి. అదే పేజీని మీ ఇంట్లో పెద్దవారి చేతికిచ్చి, ధర ఎంతో చూసి చెప్పమని అడగండి, మీరు సాయం చేయకుండా పక్కన కూర్చోండి. రెండు పరిశీలనలనూ పోలుస్తూ మూడు పుటల్లో రాసి అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. ఫోను చూసినవారు ఎక్కడ ఆగిపోయారో, అప్పుడు ఏమన్నారో వారి మాటల్లోనే రాయండి.